ఒక చెంచాడు తడి

నెలలు నిండుతున్నాయట. దుకాణంవాళ్లు చేతికిచ్చిన జాబితాలో నలభైకి పైగా వస్తువులున్నాయట. వాటిలో నిజంగా తప్పనిసరైనవేవో సైన్సు లెక్కన చెప్పగలరా అని ఒక పాఠకురాలు అడిగారు. కొనుగోళ్ల ప్రశ్నకు విజ్ఞాన వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు గానీ, ఈ ప్రశ్నను వదిలిపెట్టడం నావల్ల కాలేదు. ఏ వస్తువు తప్పనిసరో తేల్చాలంటే ముందు పసిబిడ్డ ఒంటికి ఏ పని కష్టమో తెలియాలి. ఊపిరి తీయడం, పాలు చీకడం, ఆకలైతే ఏడ్వడం, ఇవన్నీ నెలలు నిండిన బిడ్డ చాలావరకు తనంతట తానే చేసుకుంటుంది. సరిగ్గా చేతకానిది ఒకటుంది, ఒంటి వేడిని నిలబెట్టుకోవడం. కాబట్టి నా వాదన ఇది: తొలి రోజుల్లో తప్పనిసరి వస్తువంటే బిడ్డ వేడిని కాపాడేదే. ఆ లెక్కన జాబితాలో మొదట రావలసింది పొడి గుడ్డ, రెండోది తల్లి గుండెల మీద చోటు. మిగతావన్నీ వాటి వెనకే.

జాబితాలకు లోకంలో కొదవ లేదు. ఫిన్లాండ్ ప్రభుత్వం 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ బట్టలు, దుప్పట్లు సర్దిన అట్టపెట్టె ఇస్తోంది. ఖాళీ చేశాక ఆ పెట్టే బిడ్డకు పడక. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో పదహారు రకాలు పెట్టారు: బిడ్డకు సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, బట్టలు, తల్లికి చీరలు వగైరా. ఫిన్లాండ్‌లో శిశుమరణాలు తగ్గిన ఘనతంతా ఆ అట్టపెట్టెదేనని పత్రికలు చాలాకాలం రాశాయి. కానీ పెట్టె కావాలంటే గర్భిణి నాలుగో నెల దాటకముందే వైద్య పరీక్ష చేయించుకోవాలన్న షరతుంది. ప్రాణాలు నిలబెట్టిన దాంట్లో పెద్ద వాటా ఆ పరీక్షలది, వాటి వెనకున్న వైద్య వ్యవస్థది. అట్టపెట్టె కంటికి కనిపిస్తుంది, పరీక్ష కనిపించదు, అంతే తేడా. సరే, జాబితాలు పక్కన పెట్టి బిడ్డ ఒంటి దగ్గరికి వద్దాం.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు చలి అన్నదే తెలియదు. తల్లి ఒంటికన్నా అర డిగ్రీ దాకా ఎక్కువ వెచ్చదనంతో ఉమ్మనీటిలో తేలుతూ ఉంటుంది. పుట్టిన క్షణాన ఆ 37 డిగ్రీల పైచిలుకు లోకం నుంచి ఇరవై అయిదు డిగ్రీల గదిలోకి, అదీ ఒళ్లంతా తడితో వచ్చిపడుతుంది. ఆ తడే అసలు దొంగ. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. (తిండి విషయంలో చెప్పుకునే కేలరీ దీనికి వెయ్యి రెట్లు, రెంటినీ కలపకండి.) మూడు కిలోల బిడ్డ ఒళ్లు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే సుమారు 2500 కేలరీలు పోవాలి. భాగించి చూడండి, నాలుగున్నర గ్రాముల లోపే. టీ చెంచాడు నీరు కూడా కాదు! జుట్టులో, మెడ ముడతల్లో, చంకల్లో, తొడల సందుల్లో చిక్కిన ఉమ్మనీరు అంతా ఆరిపోవడానికి ఎంత వేడి ఖర్చవుతుందో ఊహించుకోండి. ఆ వేడి మొత్తం బిడ్డ ఒంటినుంచే రాదు, కొంత గాలి కూడా ఇస్తుంది, నిజమే. అయినా తుడవకుండా అలా వదిలేసిన బిడ్డ ఒంటి వేడి మొదటి పది, ఇరవై నిమిషాల్లోనే 2 నుంచి 4 డిగ్రీలు పడిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. బిడ్డకు ఉండవలసిన వేడి 36.5 నుంచి 37.5 దాకా. 36 కిందికి దిగితే ప్రమాదంలో పడ్డట్టే.

దీనికి తోడు బిడ్డ ఆకారం. అరవై కిలోల మనిషికి చర్మం ఒకటిన్నర చదరపు మీటర్ల పైమాట. మూడు కిలోల బిడ్డకు అయిదో వంతు చదరపు మీటరు. కిలోకి ఇంత అని చూస్తే బిడ్డ దగ్గర పెద్దవాళ్లకన్నా రెండు రెట్లకు పైగా చర్మం ఉంది. గిన్నెలోని వేడి అన్నం చాలాసేపు వెచ్చగా ఉంటుంది, పళ్లెంలో పరిచిన అన్నం చిటికెలో చల్లారుతుంది, ఇదీ అదే సూత్రం. ఆ చర్మంలో దాదాపు అయిదో వంతు ఒక్క తల మీదే. చల్లని బల్ల తాకి కొంత, ఫ్యాను గాలికి కొంత, దగ్గర్లోని చల్లని గోడకు కొంత వేడి పోతుంది. అవన్నీ పాఠ్యపుస్తకాల్లో దొరికేవే. నేను చెప్పదలచుకున్న వింత వేరే ఉంది.

చలేస్తే మనం వణుకుతాం. వణుకంటే కండరాలు పనీపాటా లేకుండా ఆడి వేడి పుట్టించడం. అప్పుడే పుట్టిన బిడ్డకు అలా వణకడం ఇంకా రాదు. మరి దాని పొయ్యి ఎక్కడ? వీపున రెండు భుజాల మధ్య, మెడ చుట్టూ, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు ఉంటుంది, ఒంటి బరువులో నూటికి రెండు నుంచి ఆరు పాళ్లు. మామూలు కొవ్వు నిల్వ సరుకు, ఇది మండే సరుకు. స్విట్జర్లాండ్ పండితుడు కోన్రాడ్ గెస్నర్ 1551లోనే పర్వతాల్లో శీతాకాలమంతా నిద్రపోయే మార్మోట్ అనే జంతువులో దీన్ని చూశాడు. కొవ్వూ కాదు, మాంసమూ కాదు, రెంటికీ మధ్య ఏదో అని వర్ణించాడు. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లపాటు శాస్త్రజ్ఞులు దీన్ని అర్థం చేసుకోలేకపోయారు. ఒకరు థైమస్ గ్రంథిలో భాగమన్నారు, ఒకరు రక్తం తయారయ్యే చోటన్నారు, ఇంకొకరు శీతనిద్ర గ్రంథి అని పేరే పెట్టేశారు. వేడి పుట్టించే అంగం ఇదేనని 1960లలో గానీ గట్టిపడలేదు. 1964లో ఆక్స్‌ఫర్డ్‌లో డాకిన్స్, హల్ అనే ఇద్దరు అప్పుడే పుట్టిన కుందేలు పిల్లల్లో దీన్ని కొలిచి చూపించారు. పోనీ అప్పటికైనా కథ ముగిసిందా అంటే లేదు. పెద్దయ్యాక మనుషుల్లో ఇది మిగలదని పుస్తకాలు రాసుకుంటూ పోయాయి. పెద్దల్లోనూ ఇది పనిచేస్తూనే ఉందని 2009లో తేలింది.

ఇది మండే తీరు నాకు ప్రాణం. దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న సంచులుంటాయి. తిండిలోని శక్తితో ఇవి ప్రోటాన్లను ఒక పొర అవతలికి తోడిపోస్తాయి, ఆనకట్ట వెనక నీళ్లు నిలిపినట్టు. ఆ ప్రోటాన్లు తిరిగి వచ్చే దారిలో టర్బైన్ లాంటి ఎంజైమ్ ఉంటుంది. అది తిరిగితే ఏటీపీ తయారవుతుంది. ఏటీపీ అంటే కణానికి కరెంటు. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట చెబితే సాటి జీవరసాయన శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. మధ్యలో ఏదో రసాయన పదార్థం ఉండి తీరాలని ఏళ్లకేళ్లు వెతికారు, అది దొరకలేదు, దొరకదు కూడా, లేదు గనక. 1978లో మిచెల్‌కు నోబెల్ వచ్చింది. ఇప్పుడు శ్రీశైలం తలచుకోండి. నీరు పవర్‌హౌస్ గుండా వెళితే కరెంటు, గేట్లెత్తితే ఉత్త హోరు. గోధుమ కొవ్వులో జరిగేది గేట్లెత్తడమే. దాని మైటోకాండ్రియా పొరలో యూసీపీ1 అనే ప్రోటీను ఉంది. చలి కబురు నరాల మీదుగా అందగానే అది తెరుచుకుని ప్రోటాన్లను టర్బైన్‌తో పని లేకుండా వదిలేస్తుంది. కరెంటు పుట్టదు, తోడిపోసిన శక్తి అంతా వేడిగా మారుతుంది. ఇంజనీరు వృథా అనే పనిని బిడ్డ ఒళ్లు బతకడానికి వాడుకుంటోంది! ఆ గోధుమరంగు కూడా కిక్కిరిసిన మైటోకాండ్రియాల్లోని ఇనుముదే.

కానీ ఈ పొయ్యికి కట్టెలు కావాలి, గాలి కావాలి. చలిలో ఉన్న బిడ్డ కొవ్వును, రక్తంలో చక్కెరను, ఆక్సిజన్‌ను గబగబా ఖర్చుపెడుతుంది. చక్కెర పడిపోతే మందకొడిగా అయిపోతుంది, పాలు సరిగా తాగదు. పాలు తాగకపోతే పొయ్యిలోకి కట్టెలుండవు. ఇదొక సుడిగుండం. నెలలు నిండకుండా పుట్టినవాళ్లది మరీ కష్టం, ఈ కొవ్వు చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా పోగవుతుంది గనక. పొడి గుడ్డ చేసే పని ఇక్కడుంది: అది బిడ్డకు వేడి ఇవ్వదు, పొయ్యి వెలిగించే అవసరం తగ్గిస్తుంది. మిగిలిన ప్రతి కేలరీ ఎదుగుదలకు పోతుంది.

వైద్యులు దీన్ని ఎంత ఆలస్యంగా గ్రహించారో చెప్పకుండా ఉండలేను. పారిస్‌లో స్టెఫాన్ టార్నియే జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లను పొదిగే యంత్రం చూసి, అలాంటిదే 1880లో ప్రసూతి ఆసుపత్రికి తెప్పించాడు. ఆయన తర్వాతివాడు పియేర్ బూదాఁ చల్లబడిన బిడ్డలే ఎక్కువగా చనిపోతున్నారని లెక్కలు రాసిపెట్టాడు. అంత స్పష్టంగా తెలిశాక కూడా ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా, నెలలు నిండని బిడ్డ కాస్త చల్లగా ఉన్నా ఫరవాలేదని, నిలకడగా ఉంటే చాలని నమ్మిన వైద్యులున్నారు. న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ బృందం కొందరు బిడ్డలను సుమారు 29 డిగ్రీల ఇంక్యుబేటర్లలో, కొందరిని సుమారు 32 డిగ్రీల వాటిలో ఉంచి చూసింది. 1958లో ఫలితం ప్రచురించారు. వెచ్చని పెట్టెల్లో నూటికి పదిహేను మంది అదనంగా బతికారు. మూడు డిగ్రీలకు పదిహేను ప్రాణాలు!

ఇక తల్లి గుండెల మాట. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గర్ రే అనే వైద్యుడు ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువు బిడ్డలను తల్లుల రొమ్ముల మధ్య నేరుగా చర్మానికి చర్మం తగిలేలా పెట్టించాడు. కంగారూ పద్ధతి అని పేరొచ్చింది. గతిలేక చేసే పనిగా దీన్ని చాలామంది చూశారు. 2021లో వచ్చిన ఒక పెద్ద పరీక్ష ఆ మాట మార్చేసింది. ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, భారతదేశాల్లోని మొత్తం అయిదు ఆసుపత్రుల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న మూడు వేల మందికి పైగా బిడ్డలను తీసుకున్నారు. సగం మందిని పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చారు, మిగతా వారిని పరిస్థితి కుదుటపడ్డాకే. నెలలోపు మరణాలు రెండో గుంపులో నూటికి 15.7, మొదటి గుంపులో 12. తేడా అంత స్పష్టంగా ఉండడంతో పరీక్షను ముందే ఆపేశారు. ఈ మేలంతా వేడి వల్లే అని నేననను, తల్లిపాలు, తల్లి ఒంటి మీది మేలైన సూక్ష్మజీవులు కూడా కలిసి ఉంటాయి. కానీ ఏ దుకాణంలోనూ దొరకని ఒక తాపన యంత్రం ప్రతి బాలింతకూ ఉంది.

మన వేడి దేశంలో ఈ భయమెందుకు, విజయవాడ మే నెలలో బిడ్డకు చలేమిటి అని అడగవచ్చు. మనకు ఉక్కపోసే ముప్ఫై డిగ్రీల గది కూడా బట్టల్లేని తడి బిడ్డకు చల్లనే. బిహార్ సరిహద్దునున్న నేపాల్ సర్లాహి జిల్లా మైదాన ప్రాంతం. అక్కడ ఇళ్లకు వెళ్లి వేలాది పసిబిడ్డల వేడి కొలిస్తే, మొదటి మూడు రోజుల్లో పదిమందిలో తొమ్మిది మంది ఏదో ఒక సమయంలో 36.5 కిందికి దిగారు. ఎండాకాలంలోనూ ఇది పూర్తిగా పోలేదు. పైగా ఇప్పుడు కాన్పు గదుల్లో ఏసీలున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: అతిగా కప్పితే? అదీ ప్రమాదమే. పసిబిడ్డకు చెమట సరిగా పట్టదు, నిద్రలో ఒళ్లు వేడెక్కిపోవడానికి, హఠాన్మరణాలకు సంబంధముందని పరిశోధనలున్నాయి. అందుకే పుట్టిన తొలి గంటల్లో టోపీ తప్పనిసరి, ఇంటికొచ్చాక పడకలో టోపీ, మెత్తలు, మందపు రజాయి వద్దు. మనం వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ చాలు. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని కంగారుపడవద్దు, తొలిరోజుల్లో అవి చల్లగానే ఉంటాయి. ఛాతీ మీదో మెడ వెనకో చేయి పెట్టి చూడాలి.

ఎటు తిరిగినా చివరికి వచ్చి చేరేది పొత్తిళ్ల దగ్గరికే. పుట్టిన బిడ్డను చుట్టే గుడ్డలకు ప్రత్యేకంగా ఒక మాటే ఉంది మనకు! చాలా ఇళ్లలో పురుడు అయ్యేదాకా బిడ్డకు కొత్త బట్ట తొడగరు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ముక్కలు, పంచె ముక్కలే. కొత్త బట్టలో ఉండే గంజి, జిగురు పోయిన పాత నూలు తడిని బాగా పీలుస్తుంది. పాతగుడ్డ శుభ్రంగా ఉండదంటారా, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఫెళఫెళలాడేలా ఆరేస్తే ఉంటుంది. కానీ తడిసిన నూలు గుడ్డ మళ్లీ అదే చెంచాడు తడి. అందుకే మందపు దుప్పటి ఒక్కటి కాదు, పల్చనివి ఇరవై ముప్ఫై కావాలి. రెండు పల్చని పొరల మధ్య చిక్కిన గాలి ఒక మందపు పొరకన్నా బాగా వేడిని ఆపుతుంది. పుట్టిన రోజున స్నానం వద్దు, ఇరవై నాలుగు గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒంటిమీది తెల్లని జిగటపూత తోమి తీసేయాల్సిన మురికి కాదు. తర్వాత నీళ్లు పోసినా వెంటనే తల తుడవాలి. సాంబ్రాణి వేసేవాళ్ల ఉద్దేశం తల ఆరబెట్టడమే, ఆలోచన సరైనదే, కానీ పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు చెరుపు. పొడి తువ్వాలు ఆ పని చేస్తుంది.

ఇక పాఠకురాలి జాబితా. పౌడరు కొట్టేయండి, ఆ ధూళి పీలిస్తే హాని. బిడ్డ బూట్లు, చేతి తొడుగులు, సువాసన తుడుపుళ్లు, నీళ్ల వేడి చూపించే బొమ్మ బాతు, వీటికి ఇన్ని డబ్బులు గుంజడం చూస్తే కోపమొస్తుంది. దోమతెర ఉంచండి. తక్కువ ధరకు దొరికే డిజిటల్ థర్మామీటరు మాత్రం తప్పక కొనండి. బిడ్డ చంకలో పెట్టి చేయి దగ్గరికి నొక్కి పట్టుకోండి. 36.5 కన్నా తక్కువ చూపిస్తే ఇంకో దుప్పటి కోసం వెతక్కండి. బిడ్డ తడి బట్టలు తీసేసి, తుడిచి, టోపీ పెట్టి, తల్లి రవిక విప్పి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి ఇద్దరి మీదా దుప్పటి కప్పండి. ఊపిరి ఆడేలా ముఖం బయటికి ఉండాలి. గంటకు మళ్లీ కొలవండి. అప్పటికీ పెరగకపోయినా, బిడ్డ పాలు తాగకపోయినా ఆసుపత్రికి బయల్దేరండి, బిడ్డను అలాగే గుండెలకు హత్తుకుని.