హైకూలో విరామ చిహ్నాలు, పాద విభజన

హైకూ జపాను దేశపు కవితా ప్రక్రియ. తెలుగు పాఠకులు దీనిని మూడు పాదాల కవితగా ఎరుగుదురు. అయితే జపాను భాషలో దీనిని సాధారణంగా పైనుండి క్రిందికి ఒకే వరుసలో వ్రాస్తారు. 5-7-5 చొప్పున వచ్చే 17 ధ్వని ప్రమాణాలే విభజనను తెలుపుతాయి. ఈ ప్రమాణం అక్షరం కంటే మన ఛందస్సులోని మాత్రకు దగ్గరగా ఉంటుంది. దీర్ఘం రెండుగా లెక్కకు వస్తుంది.

బషో (1644-1694) కాలపు కవితలలో విరామ చిహ్నాలు ఉండవు. ఆ పని "కిరెజి", అనగా కోత పదాలు, చేస్తాయి. "య" తరచుగా మొదటి ఐదు ధ్వనుల చివర వచ్చి కవితను రెండు దృశ్యాలుగా కోస్తుంది. "కన", "కెరి" సాధారణంగా కవిత చివర వస్తాయి. వీటికి సరియైన అనువాదం లేదు. అందువలన అనువాదకులు అడ్డగీత, మూడు చుక్కలు, ఆశ్చర్యార్థకం వంటివి వాడుతారు. వీటిలో అడ్డగీతే మేలు. ఆశ్చర్యార్థకం పాఠకుడు పొందవలసిన అనుభూతిని ముందే చెప్పివేస్తుంది.

తెలుగులో ఇస్మాయిల్ (1928-2003) మొదలైనవారు హైకూలు వ్రాశారు. తెలుగులో విరామం ఎంత ముఖ్యమో ఈ క్రింది ఉదాహరణ తెలుపుతుంది:

పాత బావి —
గిలకపై వాలిన
పిచ్చుక

అడ్డగీత తీసి ఒకే వరుసలో వ్రాస్తే "పాత బావి గిలక" అని సమాసమై, బావి కేవలం గిలకకు విశేషణంగా మిగులుతుంది. గీత ఉన్నప్పుడు బావి విడిగా, నిశ్శబ్దంగా కనబడుతుంది. "వాలిన" వద్ద పాదం విరగడం వలన వాలినదేమిటో క్షణకాలం తెలియదు. చివర చుక్క పెట్టకపోవడం కూడా వాడుకలో ఉన్నదే.