సంపూర్ణ సూర్యగ్రహణం: 99 శాతం కనిపిస్తే చాలదా? ఫ్యామిలీతో చూసేముందు ఇవి తెలుసుకోండి!

గ్రహణం అనగానే మన ఇళ్లలో చాలామంది తలుపులు మూసేస్తారు. కానీ 2024 ఏప్రిల్ 8న అమెరికాలో సీన్ రివర్స్. లక్షల మంది పిల్లాపాపలతో కార్లెక్కి బయల్దేరారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ గ్రహణం దారిలోనే ఉంది. అక్కడ మధ్యాహ్నం 1.40కి పట్టపగలే చీకటి పడింది. దాదాపు 3 నిమిషాల 50 సెకన్లు అలాగే ఉంది. అదే టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో సూర్యుడు 90 శాతానికి పైగా మూసుకుపోయినా చీకటి పడలేదు.

ఎందుకీ తేడా?

చంద్రుడి పూర్తి నీడ భూమిపై సన్నని దారిలా సాగుతుంది. 2024లో దాని వెడల్పు 200 కిలోమీటర్ల లోపే. ఆ దారిలో ఉన్నవారికే సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగు, అంటే కరోనా కనిపిస్తుంది. దాని కాంతి ఇంచుమించు పౌర్ణమి చంద్రుడంతే. సూర్యుడు ఒక్క శాతం మిగిలినా ఆ వెలుగు కరోనా కంటే వేల రెట్లు ఎక్కువ. ఇక కరోనా ఎక్కడ కనిపిస్తుంది? అందుకే కాస్త దూరమైనా దారి లోపలికి వెళ్లాల్సిందే.

కళ్లద్దాలు ఎప్పుడు తీయాలి?

అసలు జాగ్రత్త ఇక్కడే. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాకే గ్రహణం కళ్లద్దాలు తీయాలి. అంచున మళ్లీ వజ్రంలా వెలుగు మెరవగానే పెట్టేసుకోవాలి. రెటీనాకు నొప్పి తెలియదు. కాలినా ఆ క్షణంలో ఏమీ అనిపించదు, చూపు తేడా తర్వాతే బయటపడుతుంది. కూలింగ్ గ్లాసులు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్నవే వాడాలి. వాటిని పెట్టుకుని బైనాక్యులర్లలోంచి చూడటం కూడా ప్రమాదమే. పిల్లల కళ్లద్దాల బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

బూందీ గరిటె చాలు!

పాక్షిక గ్రహణం నడుస్తుండగా సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, బూందీ గరిటె నీడను నేలపై పడేలా పట్టుకోండి. ఒక్కో చిల్లు కింద ఒక్కో నెలవంక కనిపిస్తుంది. పిల్లలకు భలే సరదా.

ఫోన్ సంగతేంటి?

ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు ఎక్కువసేపు పెడితే కెమెరా పాడవ్వొచ్చు. అందుకే ఫోన్‌ను స్టాండ్‌లో పెట్టి మీవాళ్ల వైపు తిప్పి రికార్డింగ్ ఆన్ చేయండి. కరోనా ఫొటోలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. చీకటి పడగానే అమ్మమ్మ ముఖం ఎలా మారిందో మాత్రం మీ ఫోన్‌లోనే ఉంటుంది.

మళ్లీ ఎప్పుడు?

2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్, సౌదీలోని జెడ్డా గ్రహణం దారిలో ఉంటాయి. అక్కడ చీకటి దాదాపు 6 నిమిషాలు! తెలంగాణలో కొన్ని ప్రాంతాల మీదుగా 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం సాగింది. ఉస్మానియా వర్సిటీకి చెందిన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ నుంచి శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. ఇక మన దేశంలో చూడాలంటే 2034 మార్చి 20న ఉత్తరాన కశ్మీర్, లద్దాఖ్ వైపు వెళ్లాల్సిందే.