స్టెరాయిడ్లు - హెచ్.ఐ.వి. పరీక్ష

‘పరీక్ష’ అనే మాటలో ‘పరి’ అనే ఉపసర్గకు అన్నివైపులా అని అర్థం; ‘ఈక్ష’ అంటే చూడటం. ఆ మాట వినగానే విద్యార్థులకు ప్రశ్నపత్రం గుర్తుకు రావడం సహజమే. కాని ఒకనాటి సాయంత్రం మా కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు నన్ను వెతుక్కొంటూ వచ్చి అడిగింది వేరొక పరీక్షను గురించి. మూత్రపిండాల వ్యాధికి అతడు కొన్ని నెలలుగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. ఏదో భయం కలిగి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొన్నాడు. ‘నెగెటివ్’ అని వచ్చింది. అయినా మనస్సు కుదుటపడలేదు. “సార్! ఈ మాత్రలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయంటారు కదా. రక్తంలో వైరస్ ఉన్నా పరీక్షకు దొరకలేదేమో!” అన్నాడు.

నేను కావ్యాలు బోధించేవాడిని, వైద్యుణ్ణి కాను. అయినా అతడి తర్కం తోసిపుచ్చదగినది కాదనిపించింది. వైద్యులను అడిగి, గ్రంథాలు చదివి తెలుసుకొన్నది ఇక్కడ వివరిస్తాను.

హెచ్.ఐ.వి.ని 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కనుగొన్నారు. రక్తంలో దాని జాడను పట్టే పరీక్ష 1985లో వచ్చింది. మరుసటి ఏడాదే చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె శిష్యురాలు నిర్మల మన దేశంలో తొలి కేసులను గుర్తించారు. ఆనాటి పరీక్ష వెతికినది వైరస్‌ను కాదు, వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను. దొంగను చూడకపోయినా ఊరివాళ్ళు కర్రలు పట్టుకొని తిరుగుతుంటే దొంగ వచ్చాడని ఊహించడం వంటిది ఇది. మా విద్యార్థి సందేహమూ ఇక్కడే పుట్టింది. ఊరివాళ్ళకు నిద్రమందు పెడితే కర్రలు కనిపించవు కదా!

స్టెరాయిడ్ అనేది ఒకే మందు పేరు కాదు. మన అధివృక్క గ్రంథులు స్రవించే కార్టిసాల్‌ను పోలినవి ఒక రకం. ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ ఈ కోవలోనివి. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతరోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చాడు. 1950లో ఆయనకూ మరి ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఉబ్బసం మొదలు 2020 నాటి కోవిడ్ వరకు ఇవి కాపాడిన ప్రాణాలు అనేకం. ఇవి వాపును అణచి, రోగనిరోధక కణాల వేగాన్ని తగ్గిస్తాయన్నది నిజమే. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే రక్తంలోని ప్రతిరక్షకాలు కొంత తగ్గవచ్చు కూడా. కాని కొంత తగ్గడం వేరు, లేకుండా పోవడం వేరు. వాన తగ్గినంత మాత్రాన చెరువు ఎండిపోదు. హెచ్.ఐ.వి. శరీరంలో నిలిచి ఉంటుంది కనుక దానికి ఎదురుగా ప్రతిరక్షకాలు పుడుతూనే ఉంటాయి. వాటిని పట్టడానికి పరీక్షకు కొద్ది పరిమాణం చాలు. పైగా నేటి సంయుక్త పరీక్షలు ప్రతిరక్షకాలతోపాటు పి24 అనే వైరస్ ప్రోటీనును కూడా వెతుకుతాయి. దానిని స్టెరాయిడ్ దాచలేదు. అందుచేత సాధారణంగా వాడే స్టెరాయిడ్ల వల్ల ఈ పరీక్ష తప్పుదారి పట్టదని వైద్యుల అభిప్రాయం.

అపవాదాలు లేకపోలేదు. పుట్టుకతోనే ప్రతిరక్షకాలు తయారుకానివారు, ఎముకమజ్జ మార్పిడి జరిగినవారు, ప్రతిరక్షకాలకు మూలమైన కణాలనే నశింపజేసే మందులు వాడేవారు వేరు. అటువంటివారి విషయంలో వైద్యులు వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్.ఎన్.ఏ. పరీక్షను కోరుతారు.

లేని వ్యాధిని ఉన్నట్లు చూపడం మాటేమిటి? స్టెరాయిడ్ అలా చేయదు. కాని స్టెరాయిడ్ ఏ వ్యాధికి వాడుతున్నారో ఆ వ్యాధి ఒక్కొక్కప్పుడు చేయవచ్చు. లూపస్ వంటి వ్యాధులలో శరీరం తన మీద తానే ప్రతిరక్షకాలను ప్రయోగించుకొంటుంది. అవి అరుదుగా తొలి పరీక్షను తికమక పెడతాయి. అందుకే ఒక్క పరీక్షతో ఎవరికీ ‘పాజిటివ్’ అని తీర్పు చెప్పరు. వేరువేరు పద్ధతుల పరీక్షలతో మన దేశంలో దానిని నిర్ధారిస్తారు.

నేను అతణ్ణి అడిగిన ప్రశ్న ఒక్కటే: “భయపడిన నాటికీ పరీక్ష నాటికీ ఎన్నాళ్ళు?” “పన్నెండు రోజులు సార్” అన్నాడు. అసలు చిక్కు అక్కడ ఉంది, మాత్రలలో లేదు. వైరస్ ప్రవేశించాక పరీక్షకు దొరికేంతవరకు గడిచే వ్యవధిని ‘విండో పీరియడ్’ అంటారు. ఆర్.ఎన్.ఏ. పరీక్షకు 10 నుండి 33 రోజులు, ప్రయోగశాలలో చేసే సంయుక్త పరీక్షకు 18 నుండి 45 రోజులు, ప్రతిరక్షకాలను మాత్రమే చూసే పరీక్షకు 23 నుండి 90 రోజులు పడుతుంది. పన్నెండో రోజున వచ్చిన ‘నెగెటివ్’ స్టెరాయిడ్ వాడనివారికైనా చాలదు. మందును అనుమానించి గడువును మరిచిపోవడమే ఇందులో ప్రమాదం. ఈ భయంతో వైద్యుణ్ణి అడగకుండా స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానివేయడం అంతకంటె ప్రమాదం. అలవాటుపడిన శరీరం తన కార్టిసాల్‌ను వెంటనే తయారుచేసుకోలేదు.

రెండవ రకం స్టెరాయిడ్లను గురించి మీ వయసువారికి చెప్పక తప్పదు. కండలు పెంచడానికి కొందరు వ్యాయామశాలల్లో వేసుకొనే అనబాలిక్ స్టెరాయిడ్లు పురుష హార్మోనును పోలినవి. ఇవీ పరీక్షను మార్చవు. కాని ఒకే సూదిని, ఒకే మందు సీసాను ఇద్దరు ముగ్గురు పంచుకొంటే హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఒకరి నుండి ఒకరికి చేరగలవు. అటువంటిది జరిగితే ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. 72 గంటలలోపు మొదలుపెడితే వైరస్‌ను అడ్డుకోగల మందులు ఉన్నాయి. 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. ఈ మందులు వాడినవారి విషయంలో పరీక్ష గడువును వైద్యుడే నిర్ణయించాలి.

ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో పరీక్ష ఉచితం. పరీక్షకు ముందూ తరువాతా సలహాదారు మాట్లాడతారు. వాడుతున్న మందుల పేర్లు అక్కడ దాచకుండా చెప్పాలి, హెచ్.ఐ.వి. చికిత్సలోని కొన్ని మందులు స్టెరాయిడ్ల ప్రభావాన్ని హద్దుమీరి పెంచుతాయి. సందేహాలకు 1097 నంబరు ఉంది. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని బయటపెట్టడం సాధారణంగా నిషిద్ధం. మా విద్యార్థి మూడు నెలలు నిండాక మళ్ళీ పరీక్ష చేయించుకొన్నానని చెప్పాడు. ఏమని వచ్చిందో నేను అడగలేదు.