తాగి బండి నడిపారనడానికి సాక్ష్యం ఏది?

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో పోలీసులు మీ బండి ఆపారనుకుందాం. నోటి వాసనతోనే నేరం రుజువైనట్లేనా? కాదు. వాసన, తూలే నడక, తడబడే మాట మాత్రమే చాలవని 1971లో బచూభాయ్ కార్యానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించినట్లు శ్వాస పరీక్షలోగానీ, ప్రయోగశాల పరీక్షలోగానీ తేలాలి. గంటలు గడిచేకొద్దీ రక్తంలో ఆల్కహాల్ తగ్గిపోతుంది. అందువల్ల సమయం ముఖ్యం: అరెస్టు చేస్తే 2 గంటల్లోగా వైద్య పరీక్ష జరిపించాలి, లేదంటే విడిచిపెట్టాలి.

అయితే ఒకటి గమనించండి. తగిన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే, 205వ సెక్షన్ కింద ఆ నిరాకరణే మీకు వ్యతిరేకంగా నిలవవచ్చు. నేరం రుజువైతే మొదటిసారికే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కనుక పరీక్షకు సహకరించండి. యంత్రం చూపిన అంకెను, సమయాన్ని రాసి ఉంచుకోండి.