జవాబు రాసేది యంత్రం, దిద్దాల్సింది మనిషి

పాత ప్రోగ్రాములకు యూనిట్ టెస్టులను టూల్స్ ఇప్పుడు నిమిషాల్లో తయారుచేస్తున్నాయి. చాకిరీ తప్పింది, బాధ్యత తప్పలేదు

బ్యాంకు డిపాజిట్లపై వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రామును ఊహించుకోండి. 60 ఏళ్లు నిండినవారికి అరశాతం అదనంగా ఇవ్వాలన్నది నిబంధన. కోడ్ రాసిన వ్యక్తి 'నిండితే' అనాల్సిన చోట 'దాటితే' అని రాశాడు. తేడా ఒక్క గుర్తే. కానీ 60వ ఏట డిపాజిట్ చేసిన ప్రతి ఒక్కరికీ ఆ అరశాతం పోయినట్టే.

ఇలాంటి పొరపాట్లను పట్టుకోవడానికి ఉద్దేశించిందే యూనిట్ టెస్ట్. ప్రోగ్రాములోని ఒక చిన్న భాగానికి ఫలానా విలువ ఇస్తే ఫలానా జవాబు వస్తోందా అని సరిచూసే మరో బుల్లి ప్రోగ్రామది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా ఓ విమాన ప్రయాణంలో కలిసి మొదలుపెట్టిన జేయూనిట్, జావా ప్రోగ్రామర్లకు దీన్ని అలవాటు చేసింది.

చిక్కల్లా అంతకుముందు రాసిన కోడ్‌తోనే. 2000 సంవత్సరానికి ముందు వైటూకే పనితో హైదరాబాద్ కుర్రాళ్లెందరో అమెరికా కంపెనీల కోబాల్ ప్రోగ్రాముల్లోకి అడుగుపెట్టారు. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌ను చెడగొట్టకుండా మార్చడమే అక్కడ పని. అమెరికన్ నిపుణుడు మైఖేల్ ఫెదర్స్ 2004లో తన పుస్తకంలో లెగసీ కోడ్‌కు సూటిగా నిర్వచనమిచ్చారు: టెస్టులు లేని కోడే లెగసీ కోడ్.

అలాంటి కోడ్‌కు టెస్టులు రాయడం విసుగు పుట్టించే వ్యవహారం. అసలు ప్రశ్న ఒక్క వరుసే. దాని కోసం ఉత్తుత్తి ఖాతాదారును సృష్టించాలి, డేటాబేస్ ఉన్నట్టు నటించాలి, వడ్డీ రేట్లు నింపాలి. ప్రతి టెస్టుకూ ఇదే తతంగం. ప్రోగ్రామర్లు 'బాయిలర్‌ప్లేట్' అనే ఈ మూస కోడ్‌ను యంత్రానికి అప్పగించే ప్రయత్నాలు చాన్నాళ్లుగా సాగుతున్నాయి. 2007 నాటి ర్యాండూప్ యాదృచ్ఛికంగా ఫంక్షన్లను పిలిచి చూస్తుంది. 2011లో వచ్చిన ఎవోసూట్ జీవపరిణామాన్ని అనుకరిస్తూ, కోడ్‌లోని మరిన్ని దారులను తాకే టెస్టులనే మిగుల్చుకుంటుంది. 2021లో గిట్‌హబ్ కోపైలట్ రాకతో భాషా నమూనాలూ ఈ పనికి దిగాయి.

అయితే, ర్యాండూప్, ఎవోసూట్ లాంటివాటికి బ్యాంకు నిబంధన తెలియదు. వాటికి కనిపించేది కోడ్ ఒక్కటే. 60 ఇస్తే మామూలు వడ్డీ వచ్చిందా, అదే సరైన జవాబని టెస్టులో రాసేస్తాయి. భాషా నమూనాలకు కోడ్ మాత్రమే చూపితే వాటిదీ అదే దారి కావచ్చు. రేపెవరైనా తప్పు సరిదిద్దితే టెస్ట్ విఫలమై, దిద్దినవాడే దోషిగా కనిపిస్తాడు. ఎవోసూట్‌పై 2013లో 49 మందితో జరిపిన అధ్యయనంలో, టూల్ వాడినవారి టెస్టులు కోడ్‌లో చాలా ఎక్కువ భాగాన్ని తాకాయి. కానీ పట్టుకున్న తప్పుల సంఖ్య మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

అలాగని ఈ టెస్టులు వృథా కావు. కోడ్ ఇవాళ ఎలా నడుస్తోందో అవి నమోదు చేస్తాయి. ఫెదర్స్ వీటినే 'క్యారెక్టరైజేషన్ టెస్టులు' అన్నారు. ఒకచోట మారిస్తే ఇంకెక్కడ తేడా వచ్చిందో అవి వెంటనే చెబుతాయి. పాత కోడ్‌పై చెయ్యి వెయ్యాలంటే ఆ భరోసా ముఖ్యం.

కాబట్టి తతంగాన్ని టూల్‌కు వదిలేయడంలో తప్పులేదు. ఆపైన ఒక మనిషి నిబంధనల పత్రం పక్కన పెట్టుకుని, హద్దుల దగ్గర, అంటే 59, 60, 61 దగ్గర, టెస్ట్ ఆశిస్తున్న జవాబులను ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఆ కాస్త సమయం ఆదా చేసుకుంటే, దాని ఖరీదు కట్టేది డిపాజిటర్లే.