వైద్య కళాశాలల యెన్నిక

మన పాఠశాల పై తరగతులలో “మీరు పెద్దవారై యేమి కాగోరుదురు?” అని యడిగినచో, అనేకుల చేతులు వైద్యవృత్తికే లేచును. ఆ కోరిక మంచిదే. కాని పరీక్ష ముగిసిన పిమ్మట వచ్చు నొక ఘట్టమును గూర్చి బాలబాలికలు గాని తలిదండ్రులు గాని తగినంత యాలోచింపరు. అది కళాశాలల పేళ్లను వరుసగా వ్రాయుట. రెండేండ్లు రాత్రింబవళ్లు చదివి సంపాదించిన ర్యాంకు, ఒక్క సాయంకాలము తొందరపాటున వ్రాసిన జాబితావలన సగము వ్యర్థమగుటను మేము చూచితిమి. కావున ఈ సంచికలో ఆ విషయమును వివరింప బూనుచున్నాము.

మా పూర్వవిద్యార్థి యొకడు కౌలురైతు కుమారుడు. తన యూరికి రెండుగంటల దూరములోనున్న ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరవలెనని వాని కోరిక. జాబితా వ్రాయుదినమున పొరుగున నున్న పెద్దమనిషి యొకడు, “నీ ర్యాంకుకు అది రాదు నాయనా, దానిని మొదట వ్రాసినచో వచ్చునదియు చేజారును” అని భయపెట్టెను. బాలుడు బెదరి, మిక్కిలి దూరపు కళాశాలను మొదటను, కోరినదానిని రెండవ స్థానమునను వ్రాసెను. మొదటిదే వచ్చెను. తరువాత చూడగా, కోరిన కళాశాలలో తుదిసీటు వానికంటె వెనుకటి ర్యాంకువానికి లభించియుండెను. మలివిడతలోనైన మారుదమన్న వీలు కలుగలేదు. ఏలయన వచ్చిన సీటుకంటె పైన వ్రాసినదానికే మార్పు దొరకును గాని, క్రింద వ్రాసినదానికి దొరకదు. ఆ పిల్లవాడిప్పుడు చక్కగనే చదువుచున్నాడు. కాని తల్లి జబ్బుపడినప్పుడెల్ల వానికి ఒక రాత్రియంతయు రైలుప్రయాణము తప్పుటలేదు.

ఆ పెద్దమనిషి దురుద్దేశముతో చెప్పలేదు. సీట్లు పంచు పద్ధతి యాయనకు తెలియదు. ఆ పద్ధతి కష్టమైనది కాదు. అర్హుల పట్టిక ర్యాంకుల వరుసను సిద్ధమగును. మొదటి ర్యాంకువాని జాబితాను తీసి, అందు మొదట వ్రాసిన కళాశాలలో వానికి తగిన సీటున్నదా యని చూతురు. ఉన్నచో ఇత్తురు, లేనిచో రెండవ పేరును, పిదప మూడవ పేరును చూతురు. వాని పని ముగిసిన తరువాతనే రెండవ ర్యాంకువాని జాబితా చేతికి వచ్చును. ఇట్లు మీ వంతు వచ్చునప్పటికి మీరు పైన వ్రాసిన కళాశాల నిండియున్నచో, గణనయంత్రము దానిని దాటి క్రిందిదానికి పోవును. “పైదానిని కోరితివి గాన క్రిందిది నీకు లేదు” అని అది యెవ్వరిని దండింపదు. మీ కోటాలోనే మీకంటె వెనుకటి ర్యాంకువాడు ఆ క్రిందిదానినే మొదట వ్రాసియున్నను, మీ వంతు ముగియక మునుపు వాడు దానిని తీసికొనజాలడు.

దీనినుండి రెండు సూత్రములు తేలుచున్నవి. మొదటిది: నిజముగా మీకెక్కువ యిష్టమైనదానిని మొదట, తరువాతిదానిని తరువాత వ్రాయుడు, వచ్చునో రాదో యను సందేహమువలన వరుసను తారుమారు చేయకుడు. రెండవది: సీటు వచ్చినను చేరనొల్లని కళాశాల పేరును వ్రాయకుడు. ఏ విడతలో సీటు వదలుకొన్నను నష్టము లేదో, ఏ విడతలో వదలినచో ధరావతు పోవునో, ఆ యేటి ప్రకటనలో చదివి తెలిసికొనవలెను.

ఇక కడచిన యేటి తుదిర్యాంకులను చూచువారు ఒక సంగతి మరువరాదు. మార్కులను మార్కులతో పోల్చుట మోసకరము. నీట్ పరీక్షలో 2024లో 720కి 720 మార్కులు పొందినవారు పలువురుండగా, 2025లో దేశమునకు ప్రథముడైనవాడు 686 మార్కులే పొందెను. ఒకయేట సీటు తెచ్చిన మార్కులు మరియొకయేట తేకపోవచ్చును. ఒకయేట చాలని మార్కులు మరుసటియేట చాలవచ్చును. కావున ర్యాంకునే చూడవలెను. అదియు మీ రాష్ట్రపు పట్టికలో, మీ వర్గములో, మీ స్థానిక ప్రాంతములో చూడవలెను. సీట్ల సంఖ్యయు మారుచుండును. 2014కు పూర్వము దేశమున 387 వైద్య కళాశాలలుండగా, 2024 నాటికి అవి 780 ఆయెను. ఆంధ్రప్రదేశమున 2023లో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్టణము, నంద్యాలలలో అయిదు ప్రభుత్వ కళాశాలలు కొత్తగా తెరవబడెను. తెలంగాణములో 2022లో ఎనిమిదియు, 2023లో తొమ్మిదియు నొకేమారు ప్రారంభమాయెను. ఇట్టి మార్పులు జరిగినప్పుడు పాతర్యాంకులు దారి చూపునే గాని హామీ యియ్యవు.

దరఖాస్తు ఒక్కచోటనే పెట్టిన చాలదనుటయు కొందరెరుగరు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో నూటికి 15 అఖిలభారత కోటాకు చెందినవి. వానికి ఢిల్లీనుండి జరుగు కౌన్సెలింగునకు వేరుగా పేరు నమోదు చేసికొనవలెను. 2020 నుండి ఎయిమ్స్, జిప్మర్ సంస్థల ప్రవేశములు కూడ నీట్ ద్వారానే జరుగుచున్నవి. మంగళగిరి, బీబీనగరములందలి ఎయిమ్స్ సీట్లును ఈ దారినే దొరకును. మిగిలిన రాష్ట్రపు సీట్లకు విజయవాడలోనో వరంగల్లులోనో గల ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు చేయవలెను.

తొమ్మిదవ తరగతి పిల్లల తలిదండ్రులు ఈ క్రింది మాటను ప్రత్యేకముగా గమనింతురు గాక. రెండు తెలుగు రాష్ట్రములలోను స్థానికతకు, ఇంటర్మీడియెటు వరకు గల కడపటి నాలుగేండ్లు పిల్లవాడు ఎచ్చట చదివెననునది ముఖ్యము. కోచింగు నిమిత్తము పిల్లవానిని పరరాష్ట్రమునకు పంపు తండ్రి, వాని స్థానికత యేమగునో ముందు విచారింపవలెను. కొన్ని మినహాయింపులు కలవు. కాని అవి మనకు వర్తించునో లేదో బిడ్డను పంపకముందే తెలిసికొనుట మేలు.

సరే, వరుసను నిజమైన యిష్టము ననుసరించియే వ్రాయుదము. ఆ యిష్టము దేనిపై నాధారపడవలెను? కళాశాల ద్వారము యొక్క యెత్తును బట్టియు, రంగుల ప్రకటనను బట్టియు కాదు. మొట్టమొదట, ఆ యేటికి ఆ కళాశాలకు జాతీయ వైద్య కమిషన్ అనుమతి యున్నదా యని చూడవలెను. పిమ్మట రోగులను చూడవలెను. రోగియే వైద్యవిద్యార్థికి మొదటి పుస్తకము. 1923లో స్థాపింపబడిన విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలకు కింగ్ జార్జి ఆసుపత్రియు, 1846లో పుట్టిన హైదరాబాదు వైద్య పాఠశాలకు వారసురాలైన ఉస్మానియా కళాశాలకు ఉస్మానియా ఆసుపత్రియు ఎంత పేరు తెచ్చినవో పెద్దలెరుగుదురు. వీలైనచో, ఉదయము తొమ్మిది గంటలకు ఆసుపత్రి చీట్లిచ్చు గదియొద్ద అరగంట నిలువుడు. వరుస యెంత పొడవున్నదో చూడుడు. హౌస్ సర్జనులను గౌరవముతో అడుగుడు: “అయ్యా, కాన్పులెన్ని చూచితిరి? కుట్లు మీచేత వేయింతురా?” వారి జవాబు ఏ ప్రకటనకంటెను విలువైనది.

తరువాత ధనము. ఎం.బి.బి.యస్. చదువు నాలుగున్నరయేండ్లు, ఆపై ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్పు. ఒక యేటి శుల్కమును మాత్రమే చూచి చేరినవారు మూడవయేట పొలము అమ్ముకొనుట గలదు. ప్రైవేటు కళాశాలలలో కన్వీనరు సీటు, యాజమాన్యపు సీటు, ప్రవాస భారతీయుల సీటు అని భేదములుండును. ఒకే గదిలో ఒకే పాఠము వినువారిలో ఒకరి శుల్కము మరియొకరి శుల్కమునకు అనేక రెట్లుండవచ్చును. కావున కళాశాల పేరుతోపాటు సీటు తెగను గూడ చూచి వ్రాయవలెను. హాస్టలు, భోజనము, పుస్తకములు, ప్రయాణములు కూడ లెక్కకట్టి, మొత్తమును ఒక కాగితముపై వేసి, ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడవలెను. బిడ్డయెదుట అప్పుమాట యెత్తుటకు తండ్రి సిగ్గుపడనక్కరలేదు. తెలియక చేరుటకంటె తెలిసి మానుట మేలు.

చదువు ముగిసిన పిదప చేయవలసిన సేవను గూర్చియు విచారింపవలెను. పూనాలోని సైనిక వైద్య కళాశాలలో చదివినవారు సైన్యమున వైద్యాధికారులుగా పనిచేయవలెను. రాయవేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలను మన పాఠశాలవారు బాగుగ నెరుగుదురు. ఐడా స్కడర్ దొరసానిగారు 1918లో స్త్రీలకై ప్రారంభించిన ఆ విద్యాలయములో 1947 నుండి పురుషులును చేర్చుకొనబడుచున్నారు. అచ్చట సంఘముల సిఫారసుపై చేరినవారు చదువైన పిదప అవసరమున్న తావులలో సేవచేయుటకు మాట యియ్యవలెను. ఇట్టి ఒప్పందము కొందరికి భారము, కొందరికి భాగ్యము. మీరెట్టివారో ముందుగా మిమ్మే ప్రశ్నించుకొనుడు.

ఇచ్చట సీటు రానివారికి విదేశముల ఆశ చూపు మధ్యవర్తులు అనేకులు. విదేశ వైద్యవిద్యకు కూడ నీట్ అర్హత కావలెను. 2021 నాటి నిబంధనల ప్రకారము ఆ చదువు 54 నెలలకు తక్కువ గాకుండ ఇంగ్లీషులో సాగవలెను. ఆ విద్యాలయములోనే 12 నెలల ఇంటర్న్‌షిప్పు చేయవలెను. ఆ పట్టముతో ఆ దేశమున వైద్యము చేయుటకు అర్హత కలుగవలెను. తిరిగివచ్చి ఇచ్చటి పరీక్షలో నెగ్గి, మరల ఒక సంవత్సరము పనిచేసినగాని నమోదు కాజాలరు. 2022లో యుద్ధమువలన యుక్రెయిన్ నుండి మన పిల్లలు చదువు నడుమ విడిచి వచ్చుట అందరికిని జ్ఞాపకమే. వెళ్లరాదని మేము చెప్పము. మధ్యవర్తి మాటపై మాత్రము వెళ్లవలదు.

ప్రియ విద్యార్థులారా, జాబితాను గడువునాటి రాత్రి వ్రాయకుడు. వారము ముందే కాగితముపై వ్రాసి, ప్రతి పేరు ప్రక్కను అనుమతి, రోగులు, మొత్తపు ఖర్చు, ఒప్పందము, ఇంటికి దూరము అను అయిదింటిని వ్రాయుడు. ఒక రాత్రి నిద్రించి, ఉదయము మరల చదువుడు. పక్కపక్కనున్న రెండేసి పేళ్లను చూచి, “ఈ రెండును వచ్చిన దేనిలో చేరుదును?” అని ప్రశ్నించుకొనుడు. జవాబునుబట్టి వరుసను దిద్దుడు. సందేహమున్నచో మన ఉపాధ్యాయులయొద్దకు రండు. కూర్చుండి చూచుటకు మేము సిద్ధముగ నున్నాము.

ర్యాంకు మీ చేతిలో సగమే యున్నది. ప్రశ్నపత్రము, తోటివారి సంఖ్య, ఆనాటి యారోగ్యము మిగిలిన సగమును నిర్ణయించును. వరుస మాత్రము పూర్తిగా మీ చేతిలోనిదే. పరుల భయమును అందు వ్రాయక, మీ మనస్సును వ్రాయుడు.