మోడల్ ‘నల్’ అంటోందా? ఎక్కడ జారిందో పట్టండి

మీ ఫైనలియర్ ప్రాజెక్టు గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే వెబ్‌సైట్ అనుకుందాం. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ ఎంవీసీలో రాశారు. రన్ చేయగానే ‘నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్’! ఇంటర్వ్యూలో ఇదే బగ్ ఇచ్చి సరిచేయమంటే? అక్కడ జవాబు ఒక్కటే కాదు, మీరు ఎలా వెతుకుతున్నారో కూడా చూస్తారు.

యార్డులో ఒక టిక్కీ కనిపించకపోతే గేటు దాటిందా, కొట్టుకు చేరిందా, కాటా అయిందా అని వరసగా ఆరా తీస్తాం. వ్యూమోడల్‌దీ అదే దారి. కంట్రోలర్ నుంచి పేజీకి వెళ్తుంది, ఫారం నింపాక ఆ విలువలు మళ్లీ కంట్రోలర్‌కు రావాలి. ఎక్కడ జారిందో ముందు తేల్చుకోండి.

పేజీ తెరవగానే నల్: కంట్రోలర్ చివర ‘రిటర్న్ వ్యూ’ అని వదిలేశారేమో చూడండి. బ్రాకెట్లలో మోడల్‌ను ఇవ్వాలి.

కొన్ని విలువలే నల్: ఫారంలోని ఇన్‌పుట్‌కు ‘నేమ్’ ఉందా? బైండర్ చూసేది దాన్నే, ‘ఐడీ’ని కాదు. ఆ పేరు ప్రాపర్టీ పేరుతో కలవాలి. ప్రాపర్టీ పబ్లిక్‌గా ఉండాలి, గెట్‌తోపాటు సెట్ కూడా ఉండాలి.

మోడల్ మొత్తం నల్: జేసన్ పంపి ‘ఫ్రమ్‌బాడీ’తో తీసుకుంటున్నారా? తేదీని 15-03-2024 అని పంపితే డేట్‌టైమ్‌గా మారదు, మోడలే రాదు. 2024-03-15 అని పంపాలి. కారణం మోడల్‌స్టేట్‌లో దొరుకుతుంది.

సబ్మిట్ తర్వాత డ్రాప్‌డౌన్ నల్: తేజ, బాడిగ, 334 అని రకాల జాబితా ఇచ్చారు. యూజర్ ఎంచుకున్న ఒక్క విలువే వెనక్కి వస్తుంది, జాబితా రాదు. వాలిడేషన్ తప్పి అదే పేజీ మళ్లీ చూపించేటప్పుడు జాబితాను మళ్లీ నింపాలి.

ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. యాక్షన్ మొదటి లైన్లో ఒక బ్రేక్‌పాయింట్, బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒక చూపు చాలు. ఏం పంపారో, ఏం అందిందో తెలిసిపోతుంది.

నల్ రిఫరెన్స్‌ను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టిన టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. 2019లో వచ్చిన సీ షార్ప్ 8లో ముందే హెచ్చరించే సౌకర్యం ఉంది. ఆ హెచ్చరికల్ని కొట్టిపారేయకండి.

ఇంకో మాట. ఎర్రర్ పోవాలని ప్రతి చుక్క ముందూ ప్రశ్నార్థకం తగిలించొద్దు. ఎర్రర్ మాయమవుతుంది, ధర గడి ఖాళీగా మిగులుతుంది. సరుకు తేవాలా, కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా అని చూసే రైతుకు ఆ ఖాళీ గడి ఏం చెబుతుంది? ఇంటర్వ్యూలో ఈ సంగతి మీ అంతట మీరే చెప్పండి. మీరు కోడ్‌తోపాటు దాన్ని వాడే మనిషినీ చూస్తున్నారని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.